అడగకుండా మూత తీసిన బాటిల్: ఒక కన్స్యూమర్ కేసు, మొదటి నుంచి చివరి దాకా

మా ఆఫీసు బీరువా మీద ఏడాదిన్నర పాటు ఒక నీళ్ల బాటిల్ ఉండేది. లీటరుది, సగం ఖాళీ. దాని మెడకు దారంతో ఒక చీటీ కట్టి, చీటీ మీద కేసు నంబరు రాసి పెట్టాను. ఒక మే నెల మధ్యాహ్నం, కరెంటు లేని వేళ మా గుమస్తా దాన్ని తాగబోతే అరిచి ఆపాల్సి వచ్చింది. ఇది ఆ బాటిల్ కేసు. పార్టీల పేర్లు, ఊరి పేరు రాయడం లేదు. హైదరాబాద్‌కి రెండున్నర గంటల దూరంలో ఉన్న ఒక జిల్లా కేంద్రం అనుకోండి చాలు.

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా క్లయింట్, ఆయన భార్య, కూతురు, ఇద్దరు మనవలు భోజనానికి ఒక ఏసీ రెస్టారెంట్‌కి వెళ్లారు. ఆయన రిటైర్డ్ లెక్చరర్. కూర్చోగానే వెయిటర్ రెండు బాటిళ్లు తెచ్చి, అక్కడికక్కడే మూతలు తిప్పి, గ్లాసుల్లో పోశాడు. "బాబూ, మామూలు నీళ్లు తెచ్చిపెట్టు" అని ఈయన అడిగారు. "మా దగ్గర నార్మల్ వాటర్ ఉండదు సార్, అన్నీ బాటిళ్లే" అన్నాడతను. అప్పటికే పిల్లలు తాగేశారు. భోజనం మధ్యలో మూడో బాటిల్ వచ్చింది. బిల్లులో తిండికి 2,120, మూడు బాటిళ్లకు 180, జీఎస్టీ 115, మొత్తం 2,415 రూపాయలు. బాటిల్ మీద ఎంఆర్‌పీ 20. బిల్లులో 60.

ఆయన మేనేజర్‌ని పిలిచి అడిగితే, "ఏసీ రెస్టారెంట్ సార్, రేటు ఇంతే" అన్నాడు. డబ్బు కట్టేసి, మూడో బాటిల్‌ను చంకన పెట్టుకుని వచ్చేశారు. ఆ తర్వాతి వారం నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఆ బాటిల్, బిల్లు, ఫోన్‌పే రసీదు, మెనూ కార్డు ఫొటోలు ఉన్నాయి. చాలామంది క్లయింట్లు కోపం మాత్రమే తెస్తారు. ఈయన కాగితాలు తెచ్చారు. మెనూ ఫొటోలు తీయాలన్న ఆలోచన కూతురిదట. ఆ ఫొటోలే తర్వాత మాకు బాగా పనికొచ్చాయి. పదకొండు పేజీల మెనూలో నీళ్ల ధర ఎక్కడా లేదు.

ఆయన అడిగింది ఒక్కటే. "ఎంఆర్‌పీ కంటే మూడింతలు తీసుకున్నారు లాయర్ గారూ. ఇది నేరం కదా?"

ఇక్కడే అసలు చిక్కు. బయట ఎవరిని అడిగినా నేరమే అంటారు. లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతలు) ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011లో రూల్ 18(2) చదివితే నిజమే అనిపిస్తుంది. ముద్రించిన ధరకు మించి ఏ రిటైల్ డీలరూ అమ్మకూడదని అందులో ఉంది. కానీ 2017 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు, హోటళ్లు, రెస్టారెంట్ల సమాఖ్య వేసిన కేసులో దీన్ని తేల్చేసింది. జస్టిస్ రోహింటన్ నారిమన్, జస్టిస్ నవీన్ సిన్హా బెంచ్. హోటల్లో మనం కూర్చుని తినేటప్పుడు జరిగేది ఉత్త అమ్మకం కాదు, సేవ కూడా అందులో కలిసి ఉంటుంది, కాబట్టి అక్కడ బాటిల్‌ను ఎంఆర్‌పీకి మించి ఇచ్చినా తూనికలు కొలతల చట్టం కింద తప్పు పట్టలేమని తీర్పు సారాంశం. 2007లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి కూడా దాదాపు ఇదే చెప్పారు. కుర్చీ, ఏసీ, గ్లాసు, ఆ గ్లాసు కడిగే మనిషి, ఇవన్నీ ఆ అరవై రూపాయల్లో ఉన్నాయన్నమాట. ఈ తీర్పు నచ్చని లాయర్లు చాలామంది ఉన్నారు. నాకైతే అందులో తర్కం ఉందనే అనిపిస్తుంది. అదే హోటల్ పార్సిల్ కౌంటర్ దగ్గర నిలబడి ఒక్క బాటిల్ మాత్రమే కొనుక్కుంటే అక్కడ సేవ ఏముంది, అప్పుడు ఎంఆర్‌పీ వర్తించాలి కదా అన్నది నా అభిప్రాయం. మా కేసు మాత్రం అది కాదు. మావాళ్లు కూర్చుని తిన్నారు.

ఇదంతా ఆయనకు చెబితే, నేను హోటల్ వాళ్ల లాయర్‌ని అన్నట్టు చూశారు. మర్నాడు ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపారు. 1867 నాటి సరాయి చట్టం ప్రకారం దేశంలో ఏ హోటల్లోకైనా వెళ్లి ఎవరైనా ఉచితంగా నీళ్లు అడగొచ్చని. మీకూ వచ్చే ఉంటుంది. చట్టం తీసి చదివితే సెక్షన్ 7లో నీళ్ల ప్రస్తావన నిజంగానే ఉంది. ఎక్కడంటే, సరాయి యజమాని మేజిస్ట్రేట్ చెప్పినప్పుడల్లా గదులు, కాలువలతో పాటు బావులు, చెరువుల వంటి నీటి వసతులను శుభ్రం చేయించాలన్న చోట. దాని మీద ఆధారపడి కేసు వేస్తే బెంచ్ ముందు నవ్వులపాలవుతాం.

ఇంకో దారి కూడా చూశాను. 2023లో మున్సిపల్ శాఖ జీహెచ్‌ఎంసీ పరిధిలోని హోటళ్లు, రెస్టారెంట్లు శుద్ధి చేసిన తాగునీరు ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. ఉచిత నీళ్లు ఇవ్వకుండా బాటిల్ కొనిపించిన ఒక రెస్టారెంట్‌ను, మా కేసు నడుస్తున్న 2024లోనే, హైదరాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఒకటి ఐదు వేల పరిహారం కట్టమంది. కానీ మా ఊరు జీహెచ్‌ఎంసీ కాదు. ఆ ఆదేశం పట్టుకుని మేం గట్టిగా మాట్లాడలేం.

దాంతో ఆయన చెప్పిన కథనే మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాను. ఈసారి రేటు గురించి కాకుండా, వెయిటర్ ఏం చేశాడు, ఏ వరుసలో చేశాడు అని. మన దగ్గర ఏ మామూలు హోటల్లో కూర్చున్నా మెనూ కంటే ముందు ఒక ప్రశ్న వస్తుంది, "నార్మలా, బాటిలా సార్?" అని. ఈ హోటల్లో ఆ ప్రశ్న రాలేదు. బాటిల్ వచ్చింది, మూత ఊడింది, గ్లాసు నిండింది. మామూలు నీళ్లు అడిగితే లేవన్నారు. అంటే అక్కడ భోజనం చేయాలంటే బాటిల్ కొనక తప్పదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(41)లో దీనికి ఒక పేరుంది. ఒక వస్తువో సేవో పొందాలంటే ముందు ఇంకోటి కొనాలని షరతు పెట్టడం నిర్బంధ వాణిజ్య విధానం. గ్యాస్ కనెక్షన్‌తో పాటు స్టవ్ కూడా కొనాలనడం లాంటిది. 2017 తీర్పు అరవై రూపాయలు తీసుకునే హక్కు ఇచ్చింది. కొనక తప్పని పరిస్థితి కల్పించే హక్కు ఇచ్చిందని అందులో ఎక్కడా లేదు. దీని పక్కన సెక్షన్ 2(9) కింద ధర ముందుగా తెలుసుకునే హక్కు ఉండనే ఉంది. పదకొండు పేజీల మెనూ దానికి సాక్ష్యం.

దారి దొరికింది కదా అని, కేసుకి ముందు హోటల్‌కి పంపిన నోటీసు దగ్గర నేనే ఒక పొరపాటు చేశాను. క్లయింట్ మనసు నొచ్చుకుంటుందని ఎంఆర్‌పీ పేరా కూడా పెట్టాను, అదీ మొదటి పేజీలో. అవతలి లాయర్ జవాబు మూడే పేరాల్లో వచ్చింది. మూడూ 2017 తీర్పు గురించే. బలవంతంగా అమ్మారన్న ఆరోపణకు ఒక్క మాట కూడా జవాబు ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరం నేనే లేకుండా చేశాను. తర్వాత కంప్లయింట్‌లో ఎంఆర్‌పీని ఆఖరి పేరాకి తోసేశాను. పూర్తిగా తీసేయడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

2024 జూన్‌లో ఈ-దాఖిల్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో జిల్లా కమిషన్ ముందు కేసు వేశాం. ఐదు లక్షల లోపు సొమ్ముకి కోర్టు ఫీజు ఉండదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు, వినియోగదారుడే వాదించుకోవచ్చు. బాటిళ్లకు పన్నుతో కలిపి 189 రూపాయలు, అంత కేసుకి నా ఫీజు ఎంత అని తోటి లాయర్లు అడిగి నవ్వేవారు. ఆయన మా తమ్ముడికి పాఠాలు చెప్పారు, అంతవరకే చెప్పగలను. అఫిడవిట్‌లో ఆయన సొంతంగా రెండు పేజీలు రాసుకొచ్చారు. వేసవిలో ఊళ్లో చలివేంద్రం పెట్టడం, ఇంటికి వచ్చినవాళ్లకి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి ఆ తర్వాత మంచినీళ్లివ్వడం, అలాంటి చోట నీళ్లకు డబ్బు గుంజడం. చదవడానికి బాగుంది. చట్టంలో దానికి చోటు లేదు కాబట్టి కొట్టేశాను. కొట్టేస్తున్నప్పుడు చెయ్యి కాస్త ఆగిందని ఒప్పుకోవాలి.

నాకు అసలు టెన్షన్ ఒక్క విషయం దగ్గర. మామూలు నీళ్లు అడిగారు, ఇవ్వలేదు. దీన్ని రుజువు చేయడం ఎలా? వెయిటర్‌కీ క్లయింట్‌కీ మధ్య జరిగిన మాటలవి. సీసీ కెమెరా ఫుటేజీ అడిగితే అప్పటికే చెరిగిపోయిందన్నారు. ఉన్నా అందులో మాటలు వినపడవు. మా వైపు సాక్షులంతా కుటుంబ సభ్యులే. హోటల్ వాళ్లు "నీళ్లు అడగనే లేదు, అడిగితే ఇచ్చేవాళ్లం" అని ఒక్క వాక్యం రాస్తే కేసు అక్కడికక్కడే కూలిపోయేది.

వాళ్లు అలా రాయలేదు. కమిషన్ నోటీసు అందిన ఇరవై ఎనిమిదో రోజున కౌంటర్, అంటే కేసుకి రాతపూర్వక జవాబు, వేశారు. చట్టం ఇచ్చేది 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. అంతకు మించి ఒక్క రోజు కూడా లేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పాక ఎవరూ నిర్లక్ష్యం చేయడం లేదు. ఆ కౌంటర్ ఏడో పేరాలో, కస్టమర్ల ఆరోగ్యం, పరిశుభ్రత దృష్ట్యా విడి నీళ్లు ఇచ్చే విధానం తమ రెస్టారెంట్‌లో లేదని, సీల్డ్ బాటిళ్లే అందిస్తామని గొప్పగా రాసుకున్నారు. తమ ప్రమాణాలు ఎంత పైనున్నాయో చూపించుకోవడానికి రాసిన పేరా అది. నేను దాన్ని మూడుసార్లు చదివి, మా జూనియర్‌కి టీ తెప్పించాను. నేను రుజువు చేయాల్సిందంతా వాళ్లే సంతకం పెట్టి ఇచ్చేశారు.

తర్వాతి పని తేలికైంది. కన్స్యూమర్ కమిషన్లలో సాధారణంగా సాక్షిని బోనెక్కించి అడగడం ఉండదు, రాతపూర్వకంగా ప్రశ్నావళి ఇస్తాం, వాళ్లు అఫిడవిట్ రూపంలో జవాబులిస్తారు. మేం ఇచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనవి రెండే. మీ వంటగదిలో పప్పు ఏ నీళ్లతో వండుతున్నారు? మీ సిబ్బంది ఏ నీళ్లు తాగుతున్నారు? ఫుడ్ లైసెన్స్ నిబంధనల ప్రకారం వంటకు వాడేది తాగడానికి పనికొచ్చే నీరే అయి ఉండాలి, కాబట్టి జవాబు ఒకేలా రాగలదు. వచ్చింది. ఆర్‌ఓ ప్లాంట్ ఉందని, ఆ నీరు తాగునీటికి పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణాలకు తగినట్టు ఉందని ల్యాబ్ రిపోర్టు జతచేసి మరీ చెప్పారు. సిబ్బంది కూడా అవే తాగుతారన్నారు. పప్పులోకి, సాంబారులోకి, వెయిటర్ కడుపులోకి పనికొచ్చిన నీళ్లు కస్టమర్ గ్లాసులోకి మాత్రం ఎందుకు పనికిరావో రాతపూర్వక వాదనల్లో అడిగాను. దానికి వాళ్ల నుంచి జవాబు రాలేదు.

ఓనర్ గారి వైపు కూడా చెప్పాలి. ఒక వాయిదా రోజు వరండాలో ఆయనే పలకరించారు. "సార్, జగ్గుల్లో పెడితే ఇంటికెళ్లి కడుపునొప్పి అంటారు, నెట్‌లో ఒక స్టార్ ఇస్తారు. జగ్గులు, గ్లాసులు కడగడానికి ఇంకో మనిషి. బాటిలైతే ఏ గొడవా లేదు." అబద్ధమేమీ కాదు. ప్లాంట్ ఫిల్టర్లు, కరెంటు, మనిషి జీతం, అన్నీ ఖర్చులే. ఆ ఖర్చు తిండి ధరలో కలుపుకోండి, ఎవరూ అడగరు అన్నాను. "బిర్యానీ మీద పది పెంచితే పక్క హోటల్‌కి పోతారు సార్. బాటిల్ రేటు బిల్లు వచ్చేదాకా ఎవరూ చూడరు" అన్నారు. కేసు మొత్తంలో నేను విన్న నిజాయితీ గల మాట అదే. వరండాలో అన్నమాట కాబట్టి రికార్డులోకి తేలేను, తేలేదు కూడా.

మధ్యవర్తిత్వానికి పంపారు. వాళ్లు 189 తిరిగి ఇస్తామని, పైగా ఫ్యామిలీ డిన్నర్‌కి వెయ్యి రూపాయల కూపన్ ఇస్తామని అన్నారు. మా క్లయింట్ కూపన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని, "అక్కడికే వెళ్లి తినమంటారా? తింటే నీళ్లకి మళ్లీ ఎంతవుతుంది?" అన్నారు. అక్కడితో మధ్యవర్తిత్వం ముగిసింది.

వాదనల రోజు ఒక సరదా జరిగింది. అవతలి లాయర్ 2023 జనవరి 3 నాటి సినిమా హాళ్ల తీర్పు తెచ్చారు. హాలు ప్రైవేటు ఆస్తి, బయటి తినుబండారాలు తేవద్దనే నిబంధన యాజమాన్యం పెట్టుకోవచ్చు, నచ్చకపోతే ప్రేక్షకుడు రాకపోవచ్చు అని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. రెస్టారెంట్ కూడా అంతే, ఇష్టం లేకపోతే లేచి వెళ్లొచ్చు కదా అన్నారాయన. నా దగ్గరా అదే తీర్పు ప్రింట్ ఉంది. హాళ్లలో పరిశుభ్రమైన తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంటుందని ఆ తీర్పులోనే నమోదై ఉంది. పాప్‌కార్న్‌కి ఎంత తీసుకున్నా సరే, నీళ్లు మాత్రం ఊరికే దొరుకుతున్న చోట వచ్చిన తీర్పు అది అని చూపించాను. లేచి వెళ్లొచ్చన్న మాట దగ్గర బెంచ్ మీదున్న మహిళా సభ్యురాలు, "మూత తీసి పిల్లలకి పోశాక ఎలా లేచి వెళ్తారండీ?" అని అడిగారు. ఆర్డర్ రాకముందే నాకు ధైర్యం వచ్చింది అప్పుడే.

2025 సెప్టెంబర్‌లో ఆర్డర్ వచ్చింది. ఎంఆర్‌పీ ఆరోపణ కొట్టేశారు, 2017 తీర్పు చెప్పి. బాటిల్ తప్ప వేరే నీళ్లు ఇవ్వకపోవడం, ధర మెనూలో చూపకపోవడం, అడగకుండా సీల్ తీయడం, ఈ మూడూ కలిపి నిర్బంధ వాణిజ్య విధానమేనన్నారు. పన్నుతో కలిపి 189 వాపసు, పరిహారం 3,000, ఖర్చులు 2,000. ఉచిత తాగునీరు ఉందని, బాటిల్ ధర ఇంతని మెనూలో ముద్రించాలన్నారు. గడువు 45 రోజులు. యాభై వేలు అడిగిన క్లయింట్ మొహం కాస్త వాడింది. నాకు మాత్రం ఆర్డర్‌లో డబ్బు కంటే ఆ మెనూ వాక్యమే విలువైనదిగా కనిపించింది. అది ఆ హోటల్‌కి వచ్చే ప్రతి టేబుల్‌కీ వర్తిస్తుంది.

వాళ్లు అప్పీలుకి వెళ్లలేదు. వెళ్లాలంటే సగం సొమ్ము ముందే డిపాజిట్ కట్టాలి, అది వాళ్లకి పెద్ద లెక్క కాదు. స్టేట్ కమిషన్‌లో ఇదే ఆర్డర్ ఖాయమైతే ఊళ్లోని మిగతా హోటళ్ల మీదా కేసులు పడతాయని వాళ్ల లాయరే ఆపినట్టు తర్వాత తెలిసింది. నలభయ్యో రోజున డీడీ వచ్చింది.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే నేను రెండు పనులు వేరేగా చేస్తాను. నోటీసులో ఎంఆర్‌పీ మాట ఎత్తను. క్లయింట్ హోటల్లో ఉండగానే ఫోన్ చేస్తే, బిల్లు వెనకాల "మామూలు నీళ్లు అడిగితే లేవన్నారు" అని రాసి మేనేజర్‌కి చూపించి ఫొటో తీయమంటాను, లేదా అక్కడి నుంచే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోమంటాను. ప్రతి హోటలూ తన కౌంటర్‌లో ఏడో పేరా రాసిపెట్టదు. మాకు అదృష్టం కలిసొచ్చింది, దాన్ని నా తెలివితేటల ఖాతాలో వేసుకోలేను.

పోయిన నెల ఆ హోటల్‌కి ఇంట్లోవాళ్లతో వెళ్లాను. నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. కూర్చోగానే కుర్ర వెయిటర్ వచ్చి, "నార్మలా, బాటిలా సార్?" అన్నాడు. నార్మల్ అన్నాను. స్టీలు జగ్గులో తెచ్చాడు, చల్లగానే ఉన్నాయి. చుట్టూ చూస్తే సగం టేబుళ్ల మీద బాటిళ్లే. మెనూ ఆఖరి పేజీలో, అడుగున, "ఉచిత తాగునీరు లభించును" అని చిన్న అక్షరాల్లో ఉంది. దాని కింద "వాటర్ బాటిల్ 1 లీ. - 70". కేసు నాటికి అరవై. అడిగి ఇస్తున్నారు, ధర ముందే రాశారు, కాబట్టి ఆ డెబ్బైకి నేను చేయగలిగింది ఏమీ లేదు.

బయటికొచ్చి మా లెక్చరర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. అడిగారండీ, జగ్గు తెచ్చారండీ, మెనూలో రాశారండీ అని. ఆయన అంతా విని కాసేపు ఆగి, "బాటిల్ మీద ఎంఆర్‌పీ ఎంతుందో చూశారా?" అన్నారు.